అత్త తోమిన తూటాలు

నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో తుపాకీకి ఒక చోటుంది, నా ట్రంకుపెట్టెకి లేదు. పోర్టు క్వార్టర్స్‌లో ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. పెట్టెని అటూ ఇటూ తిప్పి చివరికి వంటింటి గుమ్మం పక్కన పడేశారు. దాని మూల తగిలి అందరి మోకాళ్లూ కమిలిపోయాయి. తుపాకీ మాత్రం గోడకు బిగించిన చెక్క బీరువాలో, పాత ఉన్ని దుప్పటి చుట్టుకుని, తాళం వెనకాల మహారాజులా పడుకునేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఇది డెబ్బైల మొదటి సంగతి. అడవి జంతువుల్ని కొట్టకూడదని చట్టం ఇంకా రాలేదు. అటవీశాఖవాళ్ల దగ్గర పర్మిట్ తీసుకుంటే వాళ్లు చెప్పిన రోజుల్లో, వాళ్లు చెప్పిన కొండమీద వేటాడుకోవచ్చు. మా బావ, అంటే నా మొగుడే, పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. మా అత్త నాకు సొంత మేనత్త, మా నాన్నకి అక్క. మేనరికం కాబట్టి మొగుణ్ణి బావా అనే పిలిచేదాన్ని. ఒక్కటే చిక్కు, అత్తతో పోట్లాడి పుట్టింటికి పోతానని బెదిరించడానికి లేదు. ఆ పుట్టిల్లు ఆవిడది కూడాను.

తుపాకీ మామయ్యది. అనంతగిరి కొండల కింద ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూ ఆయన ఒక దొరకి కొండదారులు చూపించేవాడట. దొర తన దేశానికి వెళ్లిపోతూ ఆ రైఫిలూ, తూటాలు కట్టుకునే చేతిమరా ఆయనకి ఇచ్చేశాడు. మామయ్య పోయాక లైసెన్సు బావ పేరు మీదికి మారింది. పొలం పంపకాల్లో ముక్కలైపోయింది. ఇక మొగుడి గుర్తంటూ అత్తకి మిగిలింది ఆ తుపాకీ ఒక్కటే.

నా పెళ్లికి ముందు శీతాకాలంలో బావ కొండమీద ఒక దుప్పిని కొట్టాడు. అది పడలేదు. గుండు పొట్టలో తగిలి, అలాగే లోయలోకి దిగిపోయింది. నెత్తురు జాడ పట్టుకుని పొద్దుగూకేదాకా వెతికారు, మర్నాడు కూడా వెతికారు. దొరకలేదు. ఇదంతా నాకు అత్త చెప్పింది. బావ ఆ మాటే ఎత్తేవాడు కాదు. మొదటిసారి ఎత్తింది, మళ్లీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టొచ్చిన రోజు, అన్నం ముందు కూర్చుని.

"ఇంకొక్కపాలి ఎల్తాను. కొట్టింది కొట్టినకాడే పడిపోవాల. మళ్లీ అలాగ నెత్తురోడుకుంటా పరిగెట్టిందా, తుపాకీ పోలీసు టేసన్లో ఒప్పజెప్పేస్తాను. లైసెన్సు కూడా ఇచ్చేస్తాను."

"మీ అయ్యదిరా అది," అంది అత్త.

"అయ్యదే. అయ్య సేతిలో ఏ జంతువూ అలాగ పోనేదు కదేటి?"

అత్త అన్నం సగంలో ఆపి కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది. బావ సంగతి ఆవిడకి తెలుసు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం. ఇచ్చేస్తానన్నాడంటే ఇచ్చేస్తాడు.

సరే, ఒట్టు పెట్టుకున్నాడు, బాగానే ఉంది. దానికి నా వంటిల్లు ఎందుకు బలి కావాలి? మర్నాటికల్లా ఆ చేతిమర వచ్చి నా రుబ్బురోలు పక్కన బల్లకి బిగుసుకుంది. కొట్లో కొన్న తూటాలు ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండదట. కొన్నింటిని విప్పి చూస్తే ఒకదాంట్లో మందు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. దగ్గర్లో అయితే ఆ తేడా తెలియదు. కొండమీద దుప్పి మనల్ని దగ్గరికి రానివ్వదు, ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదికి కొట్టాలి. ఇక్కడ వేలెడు తేడా అక్కడికి పోయేసరికి మూరెడవుతుంది. గుండెలో తగలాల్సింది పొట్టలో తగులుతుంది. అందుకని తన తూటాలు తనే కట్టుకుంటానన్నాడు.

మొదట్లో గొణుక్కుంటూ వంట చేసుకునేదాన్ని. కానీ నాకో జబ్బుంది. ఎవరైనా దేన్నైనా విప్పుతూ ఉంటే చూడకుండా ఉండలేను. తూటా అంటే ఒకటే ముద్ద అనుకున్నాను అప్పటిదాకా. కాదట. పేల్చాక కూడా పాడవకుండా మిగిలేది ఒక ఇత్తడి డొప్ప. దాని అడుగున చిన్న టోపీ ఉంటుంది. తుపాకీ సూది వచ్చి ఆ టోపీని పొడిస్తే నిప్పురవ్వ పుడుతుంది. టోపీకీ డొప్పకీ మధ్య ఆవగింజ పట్టేంత చిల్లు. రవ్వ ఆ చిల్లులోంచి లోపలికి దూకి మందుని అంటిస్తుంది, మూతిలో బిగించిన గుండు బయటికి దూసుకుపోతుంది. పాత టోపీ ఊడగొట్టి, కొత్తది బిగించి, మందు పోసి, గుండు పెడితే మళ్లీ కొత్త తూటా. ఇంత చిన్న డొప్పలో ఇంత సంసారం ఉందని ఎవరికి తెలుసు!

"కందకి నేని దురద కత్తిపీటకెందుకే? నీ పప్పు మాడిపోతంది, సూసుకో," అనేది అత్త. పప్పు నిజంగానే మాడిపోయేది.

బావ మందుని కొలిచే తీరు చూసి మాత్రం నాకు నవ్వాగలేదు. దొర ఇచ్చిన చిన్న గరిటెతో తీసి, గోటితో పైన గీసి పోసేస్తున్నాడు.

"బావా, పులుసులో ఉప్పు కూడా నేను ఇంత గుడ్డిగా వెయ్యను."

"అయితే నువ్వే తూసియ్యి సూద్దాం!"

ఆయన వెటకారానికి అన్నాడు, నేను నిజానికే పట్టుకున్నాను. మా నాన్నకి మద్దిలపాలెంలో ఆయుర్వేదం కొట్టుంది. భస్మాలు తూచే త్రాసుతోనే నా చిన్నతనం గడిచింది. బస్సెక్కి వెళ్లి, ఆయన దగ్గర వాడకుండా ఉన్న చిన్న త్రాసు చీరచెంగులో చుట్టుకుని తెచ్చేశాను. ఆ రోజు నుంచీ తూకం నాది, మర తిప్పడం బావది.

అబ్బో, ఆ తూకం అంత తేలిక కాదు. సముద్రపుగాలికి త్రాసు పళ్లెం నిలవదు, కిటికీలు ముయ్యాలి. ఫ్యాను ఆపాలి. చెమట చుక్క పడిందా, రెడ్డొచ్చె మొదలాడె. దానికి తోడు, ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే రోజుల్లో ఎర్రదుమ్ము మా క్వార్టర్స్ మీదికి కొట్టుకొచ్చేది. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నె మూత మీద, చివరికి నా త్రాసు పళ్లెంలో కూడా. రోజూ పళ్లెం తుడిచి, ఉత్త త్రాసు సమంగా నిలిచాకే మందు ముట్టుకునేదాన్ని. బావ పక్కన కూర్చుని, మాట్లాడితే ఊపిరి తగులుతుందేమోనని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. నోరు కట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూడటం ఏ ఆడదానికైనా సంతోషమే.

పరీక్ష చెయ్యడానికి ఆదివారాలు పాసింజరెక్కి దువ్వాడ వెళ్లేవాళ్లం. స్టేషన్ నుంచి నడిచి వెళితే కొండ పక్కన వాడకం లేని రాతిక్వారీ ఉండేది. దాని ఆసామినీ, పోలీసులనీ ముందే అడిగి ఒప్పించుకున్నాడు బావ. పాత క్యాలెండరు కాయితం వెనక నా గాజు పెట్టి సున్నా గీసి, రాతిగోడకి ఆనించిన పలకకి అతికించేదాన్ని. బావ దూరంగా బోర్లా పడుకుని కొట్టేవాడు. నేను పరుగున వెళ్లి చిల్లులు చూసేదాన్ని. మందు ఒక్క పిసరు పెంచితే చిల్లులు దగ్గరికి జరుగుతాయి, ఇంకో పిసరు పెంచితే మళ్లీ చెదిరిపోతాయి. ఎక్కువ పోస్తే గట్టిగా, సూటిగా పోతుందనుకుంటాం కదా? అలా కాదట. ఏ తుపాకీకి ఆ తుపాకీకి నచ్చిన పాళ్లు ఉంటాయి, అది మనం వెతుక్కోవాలి. ఎందుకలా అని బావని అడిగితే, "నీకు పులుపెక్కువ గావాల, అమ్మకి ఉప్పెక్కువ గావాల, ఎందుకంటే ఏటి సెప్తాం?" అనేవాడు.

ఆయనకున్న రోగం తొందర. మందూ మారుస్తాడు, గుండు లోతూ మారుస్తాడు, రెండూ ఒకేసారి. తర్వాత ఏది బాగుచేసిందో ఏది చెడగొట్టిందో తెలియక తల పట్టుకుంటాడు. "రోగికి రెండు మందులు కలిపిచ్చి ఏది పని చేసిందని అడిగితే మా నాన్న చెంప పగలగొడతాడు" అని నేను క్వారీలోనే అరిచేశాను. ఆ ఆదివారం రైల్లో ఇద్దరం చెరో కిటికీ దగ్గర కూర్చున్నాం. కానీ మర్నాటి నుంచి ఒక్కటొక్కటే మార్చాడు. మొదట్లో చిల్లులు చేటంత మేర పడేవి. తర్వాత అప్పడమంత. వినాయకచవితి దాటేసరికి అరిసె పెట్టి మూసేయొచ్చు. ఆ కాయితం ఇంటికి తెచ్చి చూపిస్తే అత్త దాన్ని కళ్లకద్దుకుంది.

"అయితే తుపాకీ ఎక్కడికీ పోదు కదేటి?"

"పోదమ్మా," అన్నాడు బావ. ఇన్నాళ్ల తర్వాత ఆయన ముఖంలో నవ్వు.

దసరాకి మమ్మల్నిద్దర్నీ నాన్న పిలిచాడు. పండగ అయ్యాక వచ్చి, ఖాళీ డొప్పల్లో మళ్లీ అదే మందు, అదే తూకం పోసి, అదే క్వారీకి వెళ్లాం. మొదటి గుండు సున్నాలో పడింది. రెండోది జానెడు కింద. మూడోది సరిగ్గా పడింది, నాలుగోది ఇంకా కిందికి దిగిపోయింది. మధ్యలో ఒకటైతే సూది టక్కుమన్నాక క్షణం ఆగి పేలింది. బావ ముఖం తెల్లబోయింది.

తర్వాతి ఆదివారమూ అంతే. నేను త్రాసుని సబ్బుతో కడిగాను, తూకపురాళ్లన్నీ నాన్న రాళ్లతో సరిచూసుకొచ్చాను. సముద్రపు చెమ్మకి మందు మెత్తబడిందేమోనని కొత్త డబ్బా తెరిచాం. ఏమీ మారలేదు. పర్మిట్ చేతికొచ్చేసింది, తేదీలు దగ్గరపడుతున్నాయి. బావ అన్నం తినడం తగ్గించేశాడు.

"నా సెయ్యే బాగునేదే," అన్నాడు ఒక సాయంత్రం వరండాలో కూర్చుని. "అప్పుడూ నా సెయ్యే. తూటా మీద తోసేసుకున్నాను. ఈ సేత్తో మళ్లీ కొండెక్కడం దేనికి? రేపే టేసన్‌కెళ్లి ఇచ్చేస్తాను."

లోపల అత్త దేవుడి గూటి ముందు ఒత్తులు చేసుకుంటోంది. ఆ మాట విని చేతిలో పత్తి కింద పడేసుకుంది. నాకు ఆవిడ మీద జాలేసింది, బావ మీద కోపమొచ్చింది, అంతకన్నా ఎక్కువగా ఆ చిల్లుల మీద కోపమొచ్చింది. కాయితాలన్నీ నేలమీద పరిచాను.

"బావా, చెయ్యి వణికితే గుండు ఎటు పోవాలి?"

"ఎటైనా పోతాది. అటూ ఇటూ."

"మరి ఇవి అటూ ఇటూ పోలేదేం? పోయినవన్నీ నిలువునా కిందికే పోయాయి. నీ చెయ్యి కిందికి మాత్రమే వణుకుతుందా?"

బావ వంగి చూశాడు. కిందికి పడిందంటే గుండు మెల్లగా వెళ్లిందన్నమాట. మెల్లగా వెళ్లిందంటే మందు సరిగ్గా అంటుకోలేదు. తూకం నాది, అందులో తేడా లేదని నా మెడ మీద కత్తి పెట్టినా చెబుతాను. అయితే రవ్వ సరిగ్గా దూకడం లేదేమో! ఇంకా టోపీలు బిగించని డొప్పలు కొన్ని డబ్బాలో ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుగుకి పెట్టి, దూరదర్శినిలోలా మూతిలోంచి చూశాను. ఒకదాని అడుగున చుక్కలా వెలుగు కనిపించింది. ఇంకోదాంట్లో కనిపించింది. తర్వాతిదాంట్లో చీకటి.

బొంతలు కుట్టే సూది తెచ్చి ఆ చిల్లులో పొడిచాను. గోధుమరంగు పీచు ఒకటి ఊడి అరచేతిలో పడింది. వాసన చూస్తే తెలియలేదు. నాలిక మీద పెట్టుకున్నాను.

"ఉమ్మేయే! మసే అది, ఉమ్మే!" అని బావ నా గడ్డం పట్టుకున్నాడు.

"పుల్లగా ఉంది బావా," అన్నాను.

ఇద్దరం ఒకేసారి దేవుడి గూడు వైపు తిరిగాం. గూట్లో ఇత్తడి కుందులు బంగారంలా మెరిసిపోతున్నాయి. అత్త మమ్మల్ని చూసి, మా చేతిలో డొప్ప చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"దసరాకి ఆయుదపూజ సెయ్యకుండా ఎలాగరా? మీ అయ్య ఒక్క ఏడు మానినాడేటి? తుపాకీ తాళమేసి ఎల్పోయినావు. ఇవైనా పెడదామని సూస్తే నల్లగా మసి. ఆ మసి ఇత్తడి అమ్మోరి ముందర పెడతానా? సింతపండేసి కుందుల్తోపాటే తోమినాను. కడిగి ఎండబెట్టి బొట్లెట్టినాను, మళ్లీ తుడిసేసినాను. ఏటైందిరా?"

ఏమైందో బావ మెల్లగా చెప్పాడు. కోప్పడతాడేమోనని నేను మధ్యలో అడ్డం నిలబడి ఉన్నాను. చిల్లు సంగతి అర్థమయ్యాక అత్త అక్కడే చతికిలబడి లబోదిబోమంది.

"ఓలమ్మో! తుపాకీ నిలవాలని మొక్కుకుని, నా సేత్తో నానే పోగొట్టేద్దునా! మెరిస్తే నీకు కలిసొస్తాదనుకున్నానురా!"

బావ నవ్వడం మొదలెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "సింత సచ్చినా పులుపు సావదంటే ఇదేనే అమ్మా," అని ఆవిడ పక్కన కూలబడ్డాడు. ఆయన చెయ్యి మంచిదేనని తేలిపోయింది కదా, ఆ సంతోషం ఆపుకోలేకపోతున్నాడు.

చింతపండుకి ఎర్రబారిన డొప్పలు బలం పోయి ఉంటాయని పక్కన పారేశాం. మిగతావన్నీ అత్తే ముందు వేసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ కింద కూర్చుని, సూదితో చిల్లు చిల్లూ పొడిచి వెలుగులో చూసి, "పరమేసుడా" అంటూ ఒక్కొక్కటీ నాకందించేది. ఆ డొప్పలతో కట్టిన తూటాలు క్వారీలో మళ్లీ అరిసె దాటి పోలేదు.

కొండకి నేనూ వస్తానన్నాను. ఆడవాళ్లు రాకూడదన్నాడు బావ. నేను తూచిన మందు నేను చూడకూడదా అన్నాను. అత్త నావైపే మొగ్గింది. ముగ్గురం కలిసి మామయ్య ఊరు వెళ్లాం, పుష్యమాసపు చలిలో. అక్కడ కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకట్టింది. అది చూసి నాకో అనుమానం. చలికి మందు కూడా మందగిస్తుందేమో, సముద్రం ఒడ్డున కుదిరిన తూకం ఇక్కడ కుదురుతుందా? బావ మెట్టపొలంలో కాయితం పెట్టి కొట్టి చూశాడు. నిజమే, కాస్త కిందికి దిగింది. ఆ మేరకు తుపాకీ మీద గురి చూసే కన్ను సరిచేసుకున్నాడు.

మామయ్యతో వేటకి తిరిగిన ముసలాయన ఒకాయన మాకు దారి చూపించాడు. ఊళ్లోవాళ్లు పనులు చేసుకుంటూనే చెవి కొండమీద వేసి ఉంచుతారట. ఒక్క పేలుడు వినిపిస్తే జంతువు పడిందని, రెండోది వినిపిస్తే దెబ్బతిని పరిగెడుతోందని అర్థం. అత్త మామయ్య పాత ఇంటి అరుగు మీద కూర్చుంది. మేం తిరిగి వచ్చేదాకా అక్కణ్ణించి లేవనంది.

ఎండ పొడొచ్చాక అవతలి గట్టు మీద దుప్పి కనిపించింది. మగది, కొమ్ములు చెట్టు కొమ్మల్లో కలిసిపోయి ఉన్నాయి. తల వంచి మేస్తోంది. బావ బోర్లా పడుకుని, చుట్టిన దుప్పటి మీద తుపాకీ ఆనించి, చాలాసేపు కదల్లేదు. అది పక్కకి తిరిగేదాకా ఆగాడు. నేను గుప్పెట బిగించి, పడిపో, పడిపో అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

పేలింది. దుప్పి నిలబడ్డచోటే కూలిపోయింది. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. నేను చప్పట్లు కొట్టాను. నిజం, చిన్నపిల్లలా ఎగిరి చప్పట్లు కొట్టాను. నా తూకం!

లోయ దిగి, అవతలి గట్టెక్కి అక్కడికి చేరాం. బావ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మూతి తెరిచి చూశాడు. పళ్ల మధ్య పచ్చగడ్డి ఉంది, సగం నమిలి ఉంది. అది చూడగానే బావ భోరుమన్నాడు. మామయ్య పోయినప్పుడు కూడా అలా ఏడవలేదట, అత్త చెప్పేది.

"సూడే! మేస్తానే ఉన్నాది! దానికి తెలీనేదే, దానికేటీ తెలీనేదు!"

గెలిచాడు. ఎన్నాళ్లుగానో ఆయన గుండెమీదున్న బరువు దిగిపోయింది, ఆయన ముఖం చూస్తే నాకే కడుపు నిండింది. నేను కూడా కూర్చుని దాని మెడమీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. చిన్నప్పుడు మా పుట్టింట్లో ఉన్న దూడ మెడలాగే ఉంది. నేను ఇంకేదో అందామనుకున్నాను, నోటికి వచ్చింది మాత్రం ఇదే.

"మనకి తెలుసు కదా, బావా."

బావ ఏడుపు ఆగిపోయింది. నావైపు చూశాడు, కోపంగా కాదు. ముసలాయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, కత్తి తియ్యమంటారా అని అడిగాడు. బావ దుప్పి నోరు మూసి, అప్పుడు తలూపాడు.

ఆ మాంసం ఊరంతా తింది, మేమూ తిన్నాం. తుపాకీ టేసన్‌కి వెళ్లాల్సిన పని లేకపోయింది, అత్త సంతోషానికి అంతు లేదు. మరుసటి ఏడు పర్మిట్ల వేళకి ఆవిడే గుర్తు చేసింది, దరఖాస్తు పెట్టవేరా అని.

"నాకింక అక్కర్నేదమ్మా," అన్నాడు బావ, నావైపు చూడకుండా.